సీటు ఖాళీ, టికెట్ లేదు

ప్రపంచకప్ గ్యాలరీలు బోసిపోతున్నది జనం రాక కాదు. అమ్మకం మొదలు కాకముందే ఆ సీట్లు ఎవరో ఒకరి ఖాతాలో పడిపోవడం వల్ల

2023 అక్టోబర్ 5, మధ్యాహ్నం రెండు గంటలు. అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియంలో వన్డే ప్రపంచకప్ తొలి మ్యాచ్. తలపడుతున్నవి ఇంగ్లండ్, న్యూజిలాండ్. 2019లో లార్డ్స్‌లో ఫైనల్ ఆడి, సూపర్ ఓవర్ కూడా సమమై, చివరికి బౌండరీల లెక్కతో విజేత తేలిన జట్లు ఇవే. ఆరంభానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు. కానీ టీవీ కెమెరా బంతి వెంట బౌండరీ దాకా వెళ్లినప్పుడల్లా వెనక కనిపించినవి కుర్చీలే. ప్రపంచంలోకెల్లా పెద్ద క్రికెట్ మైదానంలో, 1,32,000 మంది పట్టే చోట, ఆట మొదలైన వేళకు వరుసలకు వరుసలు ఖాళీ.

విచిత్రం ఏమిటంటే, అంతకు ముందు అయిదు వారాలపాటు ఇదే టోర్నమెంట్ టికెట్ల కోసం లక్షల మంది ఫోన్లు పట్టుకుని ఆన్‌లైన్ క్యూలో నిలబడ్డారు. నాలుగు గంటలు ఆగండి, ఆరు గంటలు ఆగండి అని తెర మీద అంకెలు కనిపించేవి. తీరా వంతు వచ్చేసరికి 'అన్నీ అమ్ముడైపోయాయి'. భారత్-పాకిస్తాన్ మ్యాచ్ టికెట్లు ఒక విడతలో గంటలోనే అయిపోయాయి. వెంటనే రీసేల్ వెబ్‌సైట్లలో అవే టికెట్లకు లక్షల్లో ధరలు. మాజీ పేసర్ వెంకటేశ్ ప్రసాద్ లాంటివాళ్లు కూడా బోర్డు తీరుపై బహిరంగంగానే విరుచుకుపడ్డారు. విమర్శలు పెరిగాక సెప్టెంబర్ మొదటి వారంలో బీసీసీఐ మరో నాలుగు లక్షల టికెట్లు విడుదల చేస్తున్నట్టు ప్రకటించింది. అభిమానుల్లో చాలామందికి సంతోషం కంటే ముందు సందేహమే కలిగింది. అన్నీ అయిపోయాయని చెప్పిన వారానికే నాలుగు లక్షల టికెట్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి?

తెలుగువారికి బ్లాక్ టికెట్ కొత్త కాదు. పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు థియేటర్ బయట హౌస్‌ఫుల్ బోర్డు, పక్క సందులో వంద టికెట్ అయిదు వందలకు. కానీ అక్కడ కనీసం లోపల హాలు నిండుగా ఉంటుంది. క్రికెట్‌లో మాత్రమే బయట హౌస్‌ఫుల్ బోర్డు, లోపల ఖాళీ కుర్చీలు ఒకేసారి సాధ్యం. ఈ రెండూ విడివిడి సమస్యలన్నట్టు మాట్లాడటం నిర్వాహకులకు అలవాటు. టికెట్ దొరకలేదంటే గిరాకీ ఎక్కువంటారు. కుర్చీ ఖాళీగా ఉందంటే భారత్ ఆడటం లేదు కదా, ఎండ కదా, పనిరోజు కదా అంటారు. అసలు జబ్బు ఒకటే, లక్షణాలే రెండు.

అహ్మదాబాద్‌లో ఆ రోజు సాయంత్రానికి వచ్చినవారి సంఖ్య సుమారు 47 వేలని లెక్క తేలింది. నిజానికి అది తక్కువేమీ కాదు. లార్డ్స్‌లో పట్టేది 31 వేల మంది. అంటే లార్డ్స్‌ను ఒకటిన్నరసార్లు నింపే జనం వచ్చినా మోదీ స్టేడియం ఎడారిలా కనిపించింది. భారత్ లేని మ్యాచ్‌ను, అదీ గురువారం మధ్యాహ్నం, అంత పెద్ద స్టేడియంలో పెట్టడం నిర్వాహకులు చేసుకున్న ఎంపిక. టోర్నమెంట్ మొత్తానికి వచ్చిన జనం 12.5 లక్షలని, ఐసీసీ టోర్నీల చరిత్రలోనే అది రికార్డని తర్వాత ఐసీసీ ప్రకటించింది. ఆ అంకె నిజమే. తొలి రోజు కుర్చీలూ నిజమే. పది వేదికల్లో, నలభై ఎనిమిది మ్యాచ్‌లకు ఎక్కడ ఎన్ని సీట్లు ఉన్నాయి, అందులో సామాన్యుడికి అమ్మేవి ఎన్ని అన్న వివరం మాత్రం అమ్మకానికి ముందు ఎవరూ చెప్పలేదు.

ఆ లెక్క ఎలా ఉంటుందో 2011లో ముంబయిలో ఒకసారి బయటపడింది. వాంఖడేలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌కు ఉన్న సీట్లు సుమారు 33 వేలు. ముంబయి క్రికెట్ సంఘానికి అనుబంధంగా ఉన్న క్లబ్బులకు ఇరవై వేల దాకా, ఐసీసీకి ఎనిమిది వేలకు పైగా పోగా, జనానికి మిగిలినవి నాలుగు వేలు. వాటిలో వెయ్యి టికెట్లను ఆన్‌లైన్‌లో పెట్టిన రోజు వెబ్‌సైట్ కుప్పకూలింది. అదే నెలలో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర భారత్-ఇంగ్లండ్ మ్యాచ్ టికెట్ల కోసం రాత్రంతా పడిగాపులు కాసినవారిపై పోలీసులు లాఠీలు ఝళిపించారు. ఈడెన్ గార్డెన్స్ సమయానికి సిద్ధం కాక హడావుడిగా అక్కడికి తరలించిన మ్యాచ్ అది. దెబ్బలు తిన్నవారికి స్కోరుబోర్డు కూడా తృప్తినివ్వలేదు. రెండు జట్లూ 338 చేసి మ్యాచ్ టై అయింది.

క్లబ్బులకు ఇరవై వేలంటే ఆశ్చర్యం కలగవచ్చు. మన దేశంలో రాష్ట్ర క్రికెట్ సంఘాల నిర్మాణమే అంత. సంఘంలో ఓటు ఉన్నది క్లబ్బులకు. క్లబ్బు కార్యదర్శిని సంతోషపెట్టాల్సింది సంఘం అధ్యక్షుడు. ఆటగాళ్ల ఎంపిక, నిధులు, మైదానాలు వంటివన్నీ వివాదాలు తెస్తాయి. అంతర్జాతీయ మ్యాచ్ పాసులు మాత్రం ఏ వివాదమూ లేకుండా పంచగలిగిన వరం. ఆ తర్వాతి వరుసలో పోలీసు శాఖ, మున్సిపాలిటీ, విద్యుత్ శాఖ, అగ్నిమాపక శాఖ, సచివాలయం, ఎమ్మెల్యేలు, మంత్రుల పేషీలు. మ్యాచ్ ముందు వారం సంఘం కార్యాలయంలో ఫోను ఎత్తేవాడి కష్టం పగవాడికి కూడా వద్దు. అనుమతి ఇచ్చే ప్రతి కార్యాలయానికీ పాసుల మీద హక్కు ఉందన్న భావన ఎంత పాతుకుపోయిందంటే, అడగడం అక్కడ సిగ్గుపడే విషయం కాదు. ఇవ్వకపోవడమే తప్పు.

ఖాళీ కుర్చీ పుట్టేది ఇక్కడే. మూడు వేలు పెట్టి టికెట్ కొన్నవాడు జ్వరం వచ్చినా మ్యాచ్‌కు వస్తాడు. పాసు ఉచితంగా వచ్చినవాడికి రాకపోతే పోయేదేమీ లేదు. భారత్ ఆడితే కుటుంబంతో సహా వస్తాడు, ఆడకపోతే పాసు సొరుగులోనే ఉంటుంది. స్పాన్సర్ కంపెనీ డీలర్లకు ఇచ్చిన టికెట్ల సంగతీ అంతే. లెక్కల పుస్తకంలో ఆ సీటు 'ఇచ్చేశాం' అన్న కాలమ్‌లో ఉంటుంది. కెమెరాకు మాత్రం ప్లాస్టిక్ కుర్చీ కనిపిస్తుంది. అహ్మదాబాద్ తొలి మ్యాచ్‌కే వేలాది మంది మహిళలకు ఉచిత టికెట్లు, టీ, భోజనం కూపన్లు పంచారని అప్పట్లో వార్తలొచ్చాయి. ఉచితం అన్నది స్టేడియాన్ని నింపుతుందన్న హామీ కాదని ఆ మధ్యాహ్నమే తేలిపోయింది.

పాసులకు పగ్గాలు వేసే ప్రయత్నం జరగకపోలేదు. జస్టిస్ లోధా కమిటీ 2016లో ఇచ్చిన నివేదిక, దాన్ని సుప్రీంకోర్టు ఆమోదించడం, 2018లో బీసీసీఐకి కొత్త నియమావళి రావడం తెలిసిన కథే. దాని ప్రకారం 90 శాతం టికెట్లు జనానికి అమ్మాలి, ఉచిత పాసులు పది శాతం మించకూడదు. ఈ నిబంధన తొలి పరీక్షలోనే ఏమైందో విశాఖపట్నం వారికి బాగా గుర్తుండాలి. ఆ ఏడాది అక్టోబర్ 24న భారత్-వెస్టిండీస్ రెండో వన్డే జరగాల్సింది ఇండోర్‌లో. పది శాతం కోటాలోంచే తన స్పాన్సర్లకూ వాటా ఇవ్వాలని బోర్డు అడిగింది. పెవిలియన్ గ్యాలరీలో ఉన్నవే ఏడు వేల సీట్లు, అందులో పది శాతమంటే 700, దాంట్లో సగం బోర్డుకిస్తే తమ సభ్యులకు, ప్రభుత్వ శాఖలకు ఏమిచ్చుకోవాలని మధ్యప్రదేశ్ సంఘం ఎదురు ప్రశ్నించింది. బేరం తెగలేదు. మ్యాచ్ విశాఖకు తరలిపోయింది. కోహ్లీ అజేయంగా 157 కొట్టి, వన్డేల్లో పది వేల పరుగుల మైలురాయి దాటి, మ్యాచ్ టైగా ముగిసిన ఆ రాత్రిని విశాఖ పండుగ చేసుకుంది. కొన్ని వందల ఫ్రీ పాసులపై పేచీ వల్ల వరించిన పండుగ అది. ఇండోర్‌లో టికెట్ కొనుక్కుందామనుకున్న కుర్రాడి మాట ఆ పేచీలో ఏ పక్షమూ ఎత్తలేదు.

హైదరాబాద్ కథ మరింత చేదు. 2022 సెప్టెంబర్ 25న ఉప్పల్‌లో భారత్-ఆస్ట్రేలియా టి20. దాదాపు మూడేళ్ల తర్వాత నగరానికి వచ్చిన అంతర్జాతీయ మ్యాచ్. 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో కౌంటర్లు తెరిస్తే తెల్లవారుజాము నుంచే వేలమంది చేరారు. తోపులాట, తొక్కిసలాట, లాఠీచార్జి. కిందపడి స్పృహ తప్పినవారిలో మహిళలూ ఉన్నారు. ఎన్ని టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మారు, ఎన్ని కౌంటర్‌కు వచ్చాయి అన్న ప్రశ్నకు హైదరాబాద్ క్రికెట్ సంఘం నుంచి జనం నమ్మే సమాధానం రాలేదు. మ్యాచ్ రోజు స్టేడియం నిండింది. ఏడాది తర్వాత ప్రపంచకప్ వచ్చేసరికి అదే ఉప్పల్‌లో దృశ్యం తలకిందులైంది. పది వేదికల్లో భారత్ మ్యాచ్ దక్కనిది ఒక్క హైదరాబాద్‌కే. దక్కిన మూడింటిలో రెండు న్యూజిలాండ్, పాకిస్తాన్ జట్లు నెదర్లాండ్స్‌తో ఆడినవి. మూడోది పాకిస్తాన్-శ్రీలంక. మొదట అక్టోబర్ 12న అన్నారు, తర్వాత 10కి జరిపారు. దాంతో 9, 10 తేదీల్లో వరుసగా రెండు మ్యాచ్‌లు వచ్చిపడ్డాయి. బందోబస్తు కష్టమని నగర పోలీసులు చెప్పినా, మార్చమని సంఘం కోరినా బోర్డు వినలేదు. అంతకు ముందు సెప్టెంబర్ 29న జరగాల్సిన పాకిస్తాన్-న్యూజిలాండ్ సన్నాహక మ్యాచ్‌నైతే వినాయక నిమజ్జనం, మిలాదున్నబీ బందోబస్తు కారణంగా ప్రేక్షకులు లేకుండానే ఆడించారు.

పాకిస్తాన్ జట్టు ఏడేళ్ల తర్వాత భారత్‌కు వచ్చింది. ఆ దేశపు అభిమానులకు, విలేకరులకు వీసాల జాప్యంపై పాక్ బోర్డు ఐసీసీకి ఫిర్యాదు కూడా చేసింది. సొంత అభిమానులు లేకుండా ఒక జట్టు ప్రపంచకప్ ఆడితే దాని వాటా గ్యాలరీ ఎవరు నింపాలి? ఉప్పల్‌లో ఆ పని హైదరాబాదీలే చేశారు. అక్టోబర్ 10న శ్రీలంకపై 345 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తూ రిజ్వాన్ అజేయంగా 131 కొట్టాడు. ప్రపంచకప్ చరిత్రలో అతి పెద్ద ఛేదన అది. రావల్పిండిలో ఆడినట్టే ఉందని మ్యాచ్ తర్వాత అతనన్నాడు. టికెట్ దొరికితే, వేళ కుదిరితే ఎవరి ఆటనైనా చూసే జనం ఉన్న నగరం ఇది. అలాంటి చోట అక్టోబర్ 6న నెదర్లాండ్స్ మ్యాచ్‌కు గ్యాలరీలు పలచగా ఉండటం, వచ్చిన కొద్దిమందీ పక్షుల రెట్టలు ఎండిపోయిన కుర్చీల ఫొటోలు తీసి లోకానికి చూపడం నగరానికి జరిగిన అవమానం.

షెడ్యూల్ సంగతి విడిగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఖాళీ సీట్ల గురించి చెప్పే సాకుల్లో ఇదొక్కటే పూర్తిగా నిర్వాహకుల చేతిలో ఉన్నది. 2015, 2019 ప్రపంచకప్‌ల షెడ్యూళ్లు ఏడాదికి పైగా ముందే వచ్చాయి. 2023లో వచ్చింది జూన్ 27న, సరిగ్గా వంద రోజుల ముందు. అప్పట్లో రైల్వే రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరుచుకునేది. అంటే ఏ రోజు ఏ మ్యాచో తెలిసేసరికే తొలి మ్యాచ్ రోజుకు రైలు బెర్తుల అమ్మకం దాదాపు మూడు వారాలుగా సాగుతోందన్నమాట. హడావుడిగా బుక్ చేసుకున్నవారికి ఆగస్టు 9న మరో దెబ్బ. తొమ్మిది మ్యాచ్‌ల తేదీలు, వేళలు మారాయి. నవరాత్రుల వల్ల భారత్-పాక్ మ్యాచ్ అక్టోబర్ 15 నుంచి 14కు జరిగింది. నవరాత్రులు ఎప్పుడొస్తాయో జూన్‌లో పంచాంగం చూసినవారెవరైనా చెప్పగలరు. టికెట్లు అమ్మకానికి వచ్చింది ఆగస్టు 25న, ఆట మొదలవడానికి ఆరు వారాల ముందు. పోనీ ఫోనులో టికెట్ చూపించి లోపలికి వెళ్లవచ్చా అంటే అదీ లేదు. ఈ-టికెట్ చెల్లదు, కాగితం టికెట్ తెచ్చుకోవాల్సిందే. అనంతపురం నుంచో ఖమ్మం నుంచో ఒక కుటుంబం చెన్నై మ్యాచ్‌కు వెళ్లాలంటే రైలు, బస, సెలవు, కొరియర్‌లో రావాల్సిన టికెట్, ఇన్ని కుదరాలి. భారత్ మ్యాచ్‌కైతే ఈ యాతన పడతారు. అఫ్ఘానిస్తాన్-నెదర్లాండ్స్ మ్యాచ్‌కు పడరు.

బ్లాక్ మార్కెట్ మాట వస్తే కోల్‌కతాలో అది పోలీస్ స్టేషన్ దాకా వెళ్లింది. నవంబర్ 5న ఈడెన్‌లో భారత్-దక్షిణాఫ్రికా మ్యాచ్. టికెట్లు దారి మళ్లాయన్న ఫిర్యాదులపై బుక్‌మైషోను, బెంగాల్ సంఘాన్ని వివరణ అడిగిన పోలీసులు చివరికి బీసీసీఐ అధ్యక్షుడు రోజర్ బిన్నీకి కూడా నోటీసు పంపారు. వివరాలు తెమ్మన్న నోటీసే అది, అంతకు మించి చేయడానికి చట్టంలో పెద్దగా పట్టు లేదు. టికెట్ల బ్లాక్ అమ్మకంపై దేశం మొత్తానికి వర్తించే ప్రత్యేక చట్టమేదీ మనకు లేదు. బ్రిటన్‌లో ఫుట్‌బాల్ టికెట్‌ను అనుమతి లేకుండా మళ్లీ అమ్మడం 1994 నుంచే నేరం.

అలాగని విదేశాల్లో అంతా సవ్యంగా ఉందనుకోనక్కరలేదు. 2007లో వెస్టిండీస్ ప్రపంచకప్‌ను తలచుకుంటే కరీబియన్ దీవులవారికి ఇప్పటికీ కడుపు మండుతుంది. పాట, డప్పు, శంఖం, ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి, ఇవన్నీ అక్కడి క్రికెట్‌లో భాగం. భద్రత పేరుతో వాటికి ఆంక్షలు పెట్టి, స్థానికుడికి అందని ధరలు పెట్టి, విదేశీ పర్యాటకుల మీద ఆశ పెట్టుకున్నారు. మార్చి 17న ఒకే రోజు భారత్ బంగ్లాదేశ్ చేతిలో, పాకిస్తాన్ ఐర్లండ్ చేతిలో ఓడాయి. రెండూ తొలి దశలోనే ఇంటిముఖం పట్టాయి. బార్బడోస్‌లో ఏప్రిల్ 15న భారత్-పాకిస్తాన్ వస్తుందనుకున్న మ్యాచ్ కాస్తా బంగ్లాదేశ్-ఐర్లండ్ అయింది. చివరికి ఆంక్షలు సడలించి జనాన్ని బతిమాలుకున్నారు. ఐసీసీ నేర్చుకున్న పాఠం మాత్రం వేరు. ధరలు, ఆంక్షల సంగతి అలా ఉంచి టోర్నీ రూపమే మార్చేసింది. 2011లో పెద్ద జట్లకు కనీసం ఆరు మ్యాచ్‌లు గ్యారంటీ. 2019కి పదే జట్లు, ఒక్కోదానికి తొమ్మిది. భారత్ ముందే ఇంటికి వెళ్లిపోయే ప్రమాదం ఇక లేదు. టీవీ కంపెనీ నష్టపోదు. గ్యాలరీల్లో ఖాళీలు చూసి చిన్న జట్లకు తలుపు మూశారన్నమాట.

ఈ టీవీ కోణమే అన్నిటికీ మూలం. ఐపీఎల్ 2023-27 ప్రసార హక్కులు రూ. 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. ఒక్కో మ్యాచ్‌కు సుమారు రూ. 118 కోట్లు. నలభై వేల సీట్ల స్టేడియంలో ప్రతి సీటూ రెండు వేలకు అమ్మినా వచ్చేది ఎనిమిది కోట్లు. ఐసీసీ టోర్నీల ఖజానాకూ ప్రధాన ఆధారం భారత ప్రసార హక్కులే. గేటు వసూలు మీద బతికే రోజుల్లో ఒక్కో కుర్చీ నింపడానికి సంఘం తంటాలు పడేది. ఇప్పుడు కుర్చీ ఖాళీగా ఉంటే పోయేది పరువే, డబ్బు కాదు. 2024 టి20 ప్రపంచకప్‌లో భారత్ సెమీస్‌కు చేరితే గయానాలోనే ఆడుతుందని ముందే రాసిపెట్టారు. మ్యాచ్ వేళ అక్కడి ఉదయం పదిన్నర, అంటే మన రాత్రి ఎనిమిది గంటలు. ప్రావిడెన్స్ స్టేడియం పక్కన ఉండే ఉద్యోగి పని మానుకుని రావాలి, హైదరాబాద్‌లో అభిమాని భోజనం చేస్తూ చూడాలి. ఇద్దరిలో ఎవరు అసలైన ప్రేక్షకుడో షెడ్యూలే చెబుతోంది.

ఫుట్‌బాల్ మరో దారి పట్టింది. గిరాకీని బట్టి ధర మార్చడం, విమానం టికెట్లలాగా. 2025లో అమెరికాలో జరిగిన క్లబ్ ప్రపంచకప్‌లో ఆ దారి ఎటు పోతుందో తేలింది. అట్లాంటాలో 70 వేలు దాటి పట్టే స్టేడియంలో చెల్సీ తొలి మ్యాచ్‌కు వచ్చింది 22 వేల మంది. ఓర్లాండోలో కొరియా, దక్షిణాఫ్రికా క్లబ్బుల మ్యాచ్‌కు 3,412 మంది. చెల్సీ-ఫ్లుమినెన్సీ సెమీఫైనల్ టికెట్ కనీస ధర 473.90 డాలర్ల నుంచి 13.40 డాలర్లకు పడిపోయింది. ముందే కొన్నవాడు తెలివితక్కువవాడయ్యాడు. అయినా 2026 ప్రపంచకప్‌కు ఫిఫా అదే పద్ధతి ఎంచుకుంది. ఫైనల్‌కు జట్ల వీరాభిమానుల కోటాలోని అతి చౌక టికెట్ నాలుగు వేల డాలర్లు దాటిందని 2025 డిసెంబర్‌లో బయటపడ్డాక గోల పుట్టి, కొద్దిపాటి సీట్లకు 60 డాలర్ల ధర ప్రకటించాల్సి వచ్చింది. రీసేల్‌లోనూ కొన్నవాడి దగ్గర 15 శాతం, అమ్మినవాడి దగ్గర 15 శాతం తీసుకునే ఏర్పాటు. బ్లాక్ టికెట్ల వ్యాపారాన్ని అరికట్టడం పోయి దానిలో భాగస్వామి కావడం అంటే ఇదే.

లెక్క చెప్పి అమ్మితే ఏమవుతుందన్నదానికి లండన్ ఒలింపిక్స్ ఉదాహరణ. 2012లో మొత్తం 88 లక్షల టికెట్లలో 66 లక్షలు బ్రిటన్ ప్రజలకని, మిగతావి ఎవరెవరికో ముందే చెప్పారు. అయినా తొలి రోజుల్లో ఖాళీలు కనిపించాయి. ఎక్కడా? ఒలింపిక్ సంఘాల ప్రతినిధులకు, అధికారులకు కేటాయించిన వరుసల్లో. పంపకం అందరికీ తెలుసు కాబట్టి ఖాళీ సీటు ఎవరిదో వేలెత్తి చూపడం పత్రికలకు తేలికైంది. సెబాస్టియన్ కో బృందం సైనికులను, విద్యార్థులను, ఉపాధ్యాయులను పిలిచి కూర్చోబెట్టింది, కొన్ని సీట్లను వెనక్కి తీసుకుని అమ్మింది. వింబుల్డన్‌లో ఈ అలవాటు ఎప్పటిదో. మధ్యలో వెళ్లిపోయిన ప్రేక్షకుడి సీటును క్యూలో ఉన్నవాడికి తక్కువ ధరకు అమ్మి, ఆ డబ్బును సేవా కార్యక్రమాలకు ఇస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వెళ్లలేనివారు టికెట్‌ను అసలు ధరకే అధికారిక వేదికలో తిరిగి అమ్ముకోగలిగారు. మన దగ్గర వెళ్లలేని టికెట్‌ను తిరిగిచ్చే చోటే ఉండదు. 2019 లార్డ్స్ ఫైనల్ టికెట్లు భారత్ వస్తుందన్న ధీమాతో కొనుక్కున్న మన అభిమానులను, దయచేసి అధికారిక రీసేల్‌లో పెట్టండని న్యూజిలాండ్ ఆల్‌రౌండర్ నీషమ్ వేడుకున్నాడు. అలా వేడుకోవడానికి అక్కడ ఒక రీసేల్ ఉంది.

తక్కువ ధర, తేలికగా దొరికే టికెట్ ఉంటే కుర్చీలు నిండుతాయని రుజువు చేయడానికి పారిస్ దాకా పోనక్కరలేదు. 2025 మహిళల వన్డే ప్రపంచకప్ టికెట్లు వంద రూపాయల నుంచి పెట్టారు. గువాహటిలో భారత్-శ్రీలంక తొలి మ్యాచ్‌కు 22 వేలకు పైగా వచ్చారు. విశాఖలోనూ భారత్ ఆడిన రోజుల్లో సందడి కనిపించింది. మహిళల క్రికెట్‌ను ఎవరు చూస్తారన్న ఏళ్లనాటి మాటకు ఆ గ్యాలరీలే బదులిచ్చాయి.

లోపల ఖాళీ ఉందని, బయట మాత్రం టికెట్ లేదని తెలిసిన జనం ప్రమాదకరమైన జనం. 2024లో మయామీలో కోపా అమెరికా ఫైనల్‌కు టికెట్ లేనివారు గేట్లు తోసుకుని వచ్చారు, ఆట 82 నిమిషాలు ఆలస్యమైంది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి బయట విజయోత్సవానికి వచ్చి 11 మంది చనిపోయారు. అది మ్యాచ్ కాదు, టోర్నమెంట్ కూడా కాదు. కానీ ప్రవేశం అందరికీనా, పాసు ఉన్నవారికేనా అన్న గందరగోళం జింఖానా మైదానంలో చూసినదే.

హైదరాబాద్‌లో పాసుల గొడవ 2025 మార్చిలో ఐపీఎల్ దాకా పాకింది. ఒప్పందం ప్రకారం ఇస్తున్న 3,900 పాసులు చాలవంటూ సంఘం పెద్దలు వేధిస్తున్నారని, అదనపు పాసుల కోసం ఒక కార్పొరేట్ బాక్సుకు తాళం వేశారని సన్‌రైజర్స్ యాజమాన్యం ఆరోపించింది. సంఘం ఖండించింది. ముఖ్యమంత్రి విజిలెన్స్ విచారణకు ఆదేశించారు. నగరంలో ఉచిత పాసుల మీద ప్రభుత్వం విచారణ జరిపించడం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, పాసులు అడిగే జాబితాలో ప్రభుత్వ శాఖలే ముందుంటాయి కాబట్టి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం బీసీసీఐని తన పరిధిలోకి తెచ్చింది. అయితే సమాచార హక్కు మాత్రం ప్రభుత్వ సాయం పొందే సమాఖ్యలకే వర్తించేలా బిల్లులో సవరణ చేశారు. ప్రభుత్వ నిధులు తీసుకోని బోర్డును ఏ స్టేడియంలో ఎన్ని టికెట్లు ఎవరికిచ్చారని పౌరుడు అడగలేడు. కామన్వెల్త్ క్రీడల విషయం అలా కాదు. 2010లో ఢిల్లీ క్రీడల తొలి రోజుల్లో హాకీ నుంచి అన్ని చోట్లా గ్యాలరీలు వెలవెలబోయాయి. భద్రత పేరుతో వేదికల దగ్గర టికెట్లు అమ్మలేదు. తర్వాత బడిపిల్లలను బస్సుల్లో తెచ్చి నింపుతామన్నారు. ఆ నిర్వాహక సంఘం సమాచార హక్కు పరిధిలోకి వస్తుందని ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది జనవరిలో తీర్పిచ్చింది. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కాయి. ఆ నిర్వాహక సంఘం కూడా ప్రభుత్వ సొమ్ముతో నడిస్తే, ఎన్ని సీట్లు, ఎవరికెన్ని అని పది రూపాయల దరఖాస్తుతో ముందే అడగవచ్చు.